తిరిగొచ్చిన కత్తి

జూన్ 3

చెల్లీ,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొట్టేద్దామనే అనుకున్నాను. కలం తీశాను, మూత పెట్టాను, మళ్ళీ తీశాను, చివరికి దాంతో వీపు గోక్కున్నాను. మీ వదిన చూసి, "అడిగింది చెప్పకపోతే మీ చెల్లెలు బస్సెక్కి ఇక్కడికే వస్తుంది. వస్తే ఒక పట్టాన కదలదు" అంది. నువ్వంటే ఆవిడకెంత ప్రేమో నీకు తెలియంది కాదు. అందుకని కూర్చున్నాను.

"కూతురి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నది నేను. నువ్వు పెట్టుకోలేదుగా, వెళ్ళి చూసి రా" అని రాశావు. నీ ఒట్లెప్పుడూ ఇంతే, పక్కన చిన్న కిటికీ ఒకటి తెరిచే ఉంటుంది. సరే, వెళ్ళాను. ఊరికే పోతే బాగుండదని నా పెద్ద కత్తెర వెంట తీసుకెళ్ళాను. అది మొద్దుబారి చాలా కాలమైంది. ఇప్పుడది గుడ్డని కత్తిరించడం లేదు, బతిమాలుతోంది.

కత్తుల దీవికి మామూలు పడవలు మనుషుల్ని ఎక్కించుకోవు. టూరు లాంచీ ఒక్కటే దిక్కు. రేవులో బోర్డు కూడా ఉంది, "మూడు దీవులు, మూడు పనితనాలు" అని. లాంచీలో ఒక గైడు. బక్కపలచని మనిషి, చేతిలో మైకు. అందరూ అతన్ని మైకు అనే పిలుస్తారు. ఎవరూ వినకపోయినా మాట్లాడుతూనే ఉంటాడు. నాకు వెంటనే నచ్చాడు. మీ వదిన అక్కడుంటే, ఇద్దరూ ఒకే కొమ్మకి కాశారు అనేది.

మొదటిది చాపల దీవి. గట్టు పొడుగునా ఆడవాళ్ళు తుంగ చీల్చి చాపలల్లుతున్నారు. ఒకామె ముందు నిలబడ్డ బేరాన్ని పక్కామె కేకేసి లాక్కుంది. అంతే, మొదటామె లేచి ఆవిడ జుట్టు పట్టుకుంది. ఆవిడ తుంగ కోసే కొడవలి మడమతో ఈవిడ దవడ మీద కొట్టింది. చెవికున్నది ఊడి, చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. రక్తం కొత్త చాప మీద పడింది. మైకు చెక్కుచెదరలేదు. "అందరూ కుడివైపు చూడండి, లైట్‌హౌస్ చాలా పాతది" అన్నాడు. మంద అంతా కుడివైపు తిరిగింది. నేను తిరగలేదు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసినవాణ్ణి, చిరుగు కనిపిస్తే చూపు దాని మీదే ఉంటుంది.

రెండోది కుండల దీవి. అక్కడొక ముసలాయన ఆవం దగ్గర కూర్చుని, కాలిన కుండని ఒక్కొక్కటే తీసి వేలి కణుపుతో కొట్టి వింటాడు. మోత నచ్చకపోతే మన కాళ్ళ దగ్గరే కర్రతో పగలగొడతాడు. మా లాంచీలో వచ్చినావిడ ఒకతె ముచ్చటపడి, ఆ నచ్చని కుండే కావాలని ఎత్తి పట్టుకుంది. ఆవిడ చేతుల్లో ఉండగానే కొట్టాడు. పెంకు ఎగిరి ఆవిడ చెంపలో దిగింది. "నా పేరు మీద ఓటికుండ బతక్కూడదు" అన్నాడు ముసలాయన. ఆవిడకి మాత్రం మచ్చ మిగిలింది. మైకు మళ్ళీ లైట్‌హౌస్ చూపించాడు. చెల్లీ, అదేం లైట్‌హౌసో గానీ ఏ దీవి నుంచైనా కుడివైపే ఉంటుంది.

ఇంక మూడోది. దీవి కనపడక ముందే చప్పుడు వినపడుతుంది, సమ్మెట దెబ్బలు. ఇంటింటికీ ఒక కొలిమి. మన పిడుగు ఇల్లు రేవుకి దగ్గరే. దాని మొగుడు, మన ఊరి ఎగ్జిబిషన్‌లో కత్తులమ్మడానికొచ్చి దాన్ని తీసుకుపోయిన ఆ మనిషి, మాట తక్కువ, గొంతు పెద్దది. ఆ మోతలో పెద్దగా అరవకపోతే ఎవరికీ వినపడదులే. పిడుగు నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. పొగకేనంది. "మావయ్యా, కత్తెర ఇటు పడెయ్, దీన్ని చూస్తే ఏడుపొస్తోంది" అంది. మనిషి చిక్కింది. నీ గురించి అడగలేదు. అడగలేదు అనుకుంటుండగా, "అమ్మ ఇంకా ఆ మొద్దు కత్తితోనే తరుగుతోందా?" అంది.

నీకోసం ఒక కత్తి ఇచ్చింది. ముందే చేసి ఉంచింది. "అమ్మ చెయ్యి చిన్నది, పిడి సన్నంగా చెక్కాను" అంది. అది బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను.

ఇప్పుడు చెప్పేది చెప్పకుండా ఉందామనుకున్నాను. దాని ఎడమ అరచెయ్యి నిండా కోతలు. పాతవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి. "ఏంటే ఇది?" అన్నాను. "పనిలో ఉన్నదే మావయ్యా" అని చెయ్యి వెనక్కి పెట్టుకుంది. అంతలో ఎవరో కత్తి బేరమాడుతుంటే మొగుడు అక్కణ్ణించి అరిచాడు, "కోశావా లేదా?" అని. ఇది ఆ కత్తి తీసుకుని పరదా వెనక్కి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. మైకు ఆ వేళకి మా అందర్నీ లైట్‌హౌస్ వైపు తిప్పుతున్నాడు.

నేనేమీ అనడం లేదు. చూసింది రాశాను. లాంచీ కూత వేసింది, కత్తెర పదును అవలేదు, అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంత రాసినా కాగితం మిగిలిందని బాధపడుతున్న
అన్నయ్య

జూన్ 10

అన్నయ్యా,

లాంచీకి ఒక పేజీ, చాపలకి, కుండలకి ఇంకో పేజీ. నా కూతురి చేతికి అడుగున నాలుగు ముక్కలు. నీకు గైడు ఉద్యోగం ఎందుకివ్వలేదో అర్థం కావడం లేదు.

"నేనేమీ అనడం లేదు" అంటావు. అననక్కర్లేదు. ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా ఇన్నేళ్ళు చేశాను. పొట్ట మీద బూటు గుర్తుతో వచ్చినామె "మెట్ల మీద పడ్డాను" అనేది. వాతలు పెట్టించుకున్నామె "పొయ్యి తగిలింది" అనేది. "పనిలో ఉన్నదే" అన్నామె కూడా ఉంది. బిడ్డని కన్నది, తను మాత్రం ఇంటికి వెళ్ళలేదు. ఆ నెత్తురు కడిగింది ఈ చేతులే. ఇప్పుడు నా కూతురు అదే మాట నీతో అంటే నువ్వు చెవిలో వేసుకుని లాంచీ ఎక్కి వచ్చేశావు. మొగుడు "కోశావా" అని అరిస్తే ఆడది పరదా వెనక్కి వెళ్ళి తనని తాను కోసుకుని వస్తుందంటే, అది ఇల్లా, కటికవాడి కొట్టా?

పార్సిల్ అందింది. విప్పాను. పిడి నా చేతికి సరిపోయింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. దాని నెత్తురు తాగిన చోటు నుంచి వచ్చిన ఇనుముతో నేను కూరలు తరగను. తిప్పి పంపుతున్నాను. పెద్దాడి చేత.

వాడికి నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు విని లేచి వెళ్ళి పెరటి తలుపు మీద గుద్దాడు, చెక్క చీలింది. కలప డిపోలో దుంగలెత్తే చెయ్యి కదా. "కత్తి వాడి మొహాన పడేసి చెల్లెల్ని తీసుకొస్తాను" అన్నాడు. తీసుకు రమ్మనే చెప్పాను. నా ఒట్టు నేను చూసుకుంటాను.

వదినని అడిగానని చెప్పు. రానులే, భయపడొద్దను.

చెల్లి

జూన్ 14

చెల్లీ,

ఈ ఉత్తరంలో కబుర్లు లేవు. పెద్దాణ్ణి ఆపు. ఈ ఒక్క ముక్క చదివి, కాగితం పక్కన పెట్టి, వాణ్ణి ఆపి వచ్చి మిగతాది చదువు.

నీ ఉత్తరం అందగానే రేవుకి పరిగెత్తాను. నా వయసులో పరుగంటే మిగతావాళ్ళు నడిచి దాటిపోతారు, అది వేరే సంగతి. మైకు టీ తాగుతున్నాడు. చొక్కా పట్టుకుని అడిగాను, ఆ దీవిలో ఆడవాళ్ళ చేతులెందుకలా ఉంటాయని. "ఆడవాళ్ళేంటి, మగవాళ్ళవి చూడలేదా?" అన్నాడు. నేను చూడలేదు చెల్లీ. మొగుడి చేతికి తోలు తొడుగు ఉంది.

అక్కడి పద్ధతట అది. కత్తి దీవి దాటే ముందు అమ్మేవాళ్ళు దాంతో తమ చెయ్యి కొంచెం కోసుకుంటారు. నెత్తురు రుచి ఇక్కడే చూసేస్తే కొన్నవాళ్ళింట్లో అడగదని నమ్మకం. మొగుడు "కోశావా?" అని అరిచింది దానికి, బేరం తెగింది కత్తి ఇవ్వొచ్చని. పరదా దేనికంటే, ఒకసారి ఒక టూరిస్టు కళ్ళు తిరిగి కొలిమిలో చెయ్యి పెట్టాడట. అప్పట్నించి మైకు ఆ సమయానికి లైట్‌హౌస్ చూపిస్తాడు.

సొంతవాళ్ళకిచ్చేటప్పుడు మాత్రం కోసుకోరు. ఒకే నెత్తురుకి రెండుసార్లు దేనికంటారు. అలా ఇచ్చిన కత్తి తీసుకున్నవాళ్ళింట్లో ఎప్పుడో ఒకసారి చిన్నగా కోస్తుందట, ఇంక అక్కడితో సరి. నీ కత్తికి పిడుగు చెయ్యి కోసుకోలేదు. నా కళ్ళ ముందే కాగితంలో చుట్టింది.

అసలు సంగతి ఇప్పుడు. కత్తి తిప్పి పంపుతున్నానని రాశావని చెప్పగానే మైకు గ్లాసు కింద పెట్టేశాడు. ఆ దీవిలో కత్తి తిప్పి పంపడమంటే, "ఇది మీ ఒంట్లోనే దిగుతుంది" అని కబురు పంపినట్టట. తెచ్చినవాణ్ణి నోరు తెరవనివ్వరట. వాళ్ళ తాతల నాడు ఒక ఇంటికి ఇంకో ఇల్లు కత్తి తిప్పి పంపితే, రెండు ఇళ్ళలోనూ మగదిక్కు మిగల్లేదని చెప్పాడు. ఇది చెప్పేటప్పుడు మైకు లేకుండా చెప్పాడు, నెమ్మదిగా.

వాడు ఈపాటికి బయల్దేరి ఉంటే రేవులో నేనే పట్టుకుంటాను.

అన్నయ్య

జూన్ 15

అన్నయ్యా,

పెద్దాడు ఇవాళ పొద్దున బస్సెక్కాడు. కత్తి తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. మాట్లాడమంటే ఆపనివాడివి, ఇప్పుడు మూగబోయావు. ఇంతకంటే ఘోరమేదో చూసి దాస్తున్నావని నాకు అనుమానం. వాడు వచ్చాక వాడినే అడుగుతాను.

చెల్లి

జూన్ 22

చెల్లీ,

ముందుగా, పెద్దాడు బతికే ఉన్నాడు. ఇక్కడి పెద్దాసుపత్రిలో కిటికీ పక్క మంచం. నిన్న గంజి తాగాడు, నన్ను తిట్టాడు. తిట్టే ఓపిక వచ్చిందంటే గండం గడిచినట్టే అంది నర్సు. నా టెలిగ్రాం అందినా ఈ మాట ఇంకోసారి రాతలో ఉంటే నీకు ధైర్యమని రాస్తున్నాను.

రేవులో వాణ్ణి పట్టుకున్నాను. మైకు చెప్పిందంతా చెప్పాను. వాడు విని, "మావయ్యా, చిన్నప్పట్నించీ నువ్వు చెప్పిన కథల్లో ఒక్కటైనా నిజముందా? చేపకి మీసాలు కుట్టానన్నావు, తాసిల్దారుకి మూడు కాళ్ళ పంట్లాం కుట్టానన్నావు. ఇప్పుడిది" అన్నాడు. పులి వచ్చిందని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాడి గతి నాది. వాడితో పాటే లాంచీ ఎక్కాను. చాపల దీవిలోనూ కుండల దీవిలోనూ వాడు దిగలేదు. తువ్వాలు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న టూరిస్టు "ఏం కొన్నారండీ?" అనడిగాడు. "తిరిగిచ్చేస్తున్నాను" అన్నాడు మనవాడు. మైకు నోట్లో మాట సగంలో ఆగింది. అతనలా ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

దిగీ దిగగానే వాడు నేరుగా కొలిమి కొట్టంలోకి నడిచాడు. నేను వెనకాల, టేపు మెడలోనే ఉంది, షాపు నుంచి అలాగే పరిగెత్తాను కదా. తువ్వాలు విప్పి కత్తిని, ఇనుము పెట్టి సమ్మెటతో కొట్టే దాగలి మీద పడేశాడు. ఠంగుమంది. చుట్టుపక్కల సమ్మెట్లన్నీ ఒకటొకటే ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ దీవిలో ఎప్పుడైనా ఉందో లేదో. ఎదురింటివాళ్ళు తలుపులు మూసుకున్నారు.

అల్లుడు ఆ కత్తి పిడి చూశాడు. వాడి మొహంలో రంగు దిగిపోయింది. చేతిలో ఉన్న పటకారుతో పెద్దాడి మెడ మీద కొట్టాడు. అది ఎర్రగా కాలిన పటకారు. చర్మం కాలిన వాసన నాకు ఇప్పటికీ ముక్కులోంచి పోవడం లేదు, ఇస్త్రీపెట్టె పట్టుకోలేకపోతున్నాను. పెద్దాడు అరవలేదు. ఆంబోతులా తల వంచి వాడి డొక్కలో గుద్దాడు. ఇద్దరూ నీళ్ళ తొట్టి మీద పడ్డారు, తొట్టి పగిలింది. అల్లుడు పెద్దాడి బొటనవేలు కొరికాడు, గోరు వాడి నోట్లోకి పోయింది. పెద్దాడు వాడి జుట్టు పట్టి మొహాన్ని దాగలికేసి కొట్టాడు. ఒక పన్ను రాలి నా చెప్పు మీద పడింది. నేను ఇద్దర్నీ బతిమాలుతూనే ఉన్నాను. నా మాటలు ఇంత పనికిరానివని ఈ వయసులో తెలిసింది.

టూరిస్టులు లోపలికి తొంగి చూస్తున్నారు. ప్రదర్శన అనుకున్నారు చెల్లీ. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకతను పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని చూపిస్తున్నాడు.

అప్పుడు పెద్దాడు అల్లుడి కుడిచెయ్యి దాగలి మీద అదిమి, పక్కనున్న సమ్మెట ఎత్తాడు. నేను రెండు చేతులా వాడి మోచెయ్యి పట్టుకున్నాను. దుంగలెత్తే చెయ్యి, నేనొక గుడ్డముక్కలా ఊగాను. సమ్మెట పడింది. ఆ చప్పుడు రాయను. చప్పట్లు అక్కడితో ఆగాయి.

తర్వాత గందరగోళంలో ఆ కత్తి పెద్దాడి తొడలో దిగింది. లోతుగా దిగింది. నెత్తురు కారడం కాదు, కొట్టింది. నా టేపు తీసి తొడ పైభాగాన బిగించి కట్టాను. లాంచీలో బెంచీ మీద పడుకోబెట్టాం. ఇంజను తిరిగినంతసేపూ ఆ టేపు నేను వదల్లేదు. ఒకావిడ అటు తిరిగి వాంతి చేసుకుంది. మైకు అలవాటు కొద్దీ "కుడివైపు" అన్నాడు, ఇంక ఏమీ అనలేక ఆ మైకుని బెంచీ కింద పెట్టి వచ్చి వాడి కాలు పట్టుకున్నాడు.

డాక్టరు కాలు ఉంచాడు. మోకాలు మాత్రం ఇంక వంగదన్నాడు. టేపు నెత్తుటిలో నాని సాగిపోయింది. అది ఇంక ఎవరి కొలతా సరిగ్గా చెప్పదు.

పోలీసులు రెండుసార్లు వచ్చారు. వాడు స్పృహలో లేడని చెప్పించాను.

అన్నయ్య

జూలై 1

అన్నయ్యా,

నీ పక్కనే, పెద్దాడి మంచం దగ్గర కూర్చుని రాస్తున్నట్టు అనుకో. డ్యూటీ వదిలి రాలేను. నెలాఖరుకి వస్తాను.

పన్ను నీ చెప్పు మీద పడిన సంగతి రాశావు. ఎవరెవరు చప్పట్లు కొట్టారో రాశావు. కత్తి ఎవరి చేతిలో ఉందో మాత్రం రాయలేదు. పెద్దాడు నర్సు చేత రాయించిన చీటీలో "బావే పొడిచాడు" అని ఉంది. నేను ఆసుపత్రిలో చేస్తున్నదాన్ని అన్నయ్యా. సమ్మెట కింద నలిగిన చేత్తో ఎవడూ కత్తి పట్టడు. నాకు పిచ్చిదాని వేషం కట్టొద్దు.

అయినా సరే, పెద్దాడు బావ పేరే చెప్పాడు కాబట్టి అతని మీదే కేసు పెడతాను. నా కొడుకు కుంటివాడయ్యాడు. ఎవరో ఒకరు జైల్లో కూర్చోవాలి. సోమవారం స్టేషన్‌కి వెళ్తున్నాను. ఈలోగా నీకేమైనా చెప్పాలనిపిస్తే, ఒక్కసారైనా సూటిగా చెప్పు.

చెల్లి

జూలై 4

చెల్లీ,

సూటిగా: పిడుగు పొడిచింది.

సమ్మెట పడ్డాక అది పరదా వెనకనుంచి వచ్చింది. మొగుడి చెయ్యి చూసింది. దాగలి పక్కన పడి ఉన్న కత్తి చూసింది. తను చెక్కిన పిడి కదా, గుర్తుపట్టింది. దాన్ని తీసుకుని, "అన్నయ్యా, ఇది ఎవరు పంపారు?" అని నిదానంగా అడిగింది. ఊరికే పక్కింటి సంగతి అడిగినట్టు. పెద్దాడు రొప్పుతూ, "అమ్మ" అన్నాడు.

అప్పుడు పొడిచింది.

వెంటనే కత్తి వదిలేసి, "మావయ్యా, టేపు ఇలా కాదు, ఇంకా పైన, ఇంకా గట్టిగా" అంది. నీ కూతురే. ఎక్కడ కట్టాలో నాకు తెలియలేదు, దానికి తెలుసు. దాని మాట వినే వాడు బతికాడు. పెద్దాడికి ఇదంతా బాగా గుర్తుంది. తెలిసే బావ పేరు చెబుతున్నాడు. చెల్లెల్ని జైలుకి పంపలేక. కొరివితో తల గోక్కోవడమంటే మన ఇంటివాళ్ళే నేర్పాలి.

నువ్వు స్టేషన్‌కి వెళ్తే ఆ మనిషి పోతాడు, చెయ్యి లేనివాడు, చెయ్యనిదానికి. నిజం చెబితే నీ కూతురు పోతుంది. నేను నీకు ఏమీ చెప్పను. నా మాటల బలం ఎంతో చూశావుగా.

ఇంకొక్కటి. పిడుగు నా కత్తెర నిన్న మైకు చేత పంపింది. పదును అద్భుతంగా ఉంది, వెంట్రుక చీల్చొచ్చు. అంచున ఒక నెత్తుటి చుక్క ఎండి ఉంది. పనికి ఇచ్చిన కత్తెర కూడా అక్కడ అమ్మినట్టే లెక్క, బయటివాళ్ళదైతే కోసుకునే ఇస్తారట. నన్ను బయటివాళ్ళలో వేసింది. దాని పుట్టినరోజు గౌన్లన్నీ కుట్టినవాణ్ణి. తుడవలేదు, ఆ కత్తెరతో ఇంకా గుడ్డ కోయలేదు.

అన్నయ్య

ఆగస్టు 2

అన్నయ్యా,

నేను మీ ఊరు వచ్చిన రోజు మీ ఇంటికి రాలేదని వదిన సంతోషించి ఉంటుంది. బస్సు దిగి ఆసుపత్రికి వెళ్ళాను, అక్కణ్ణించి రేవుకి వెళ్ళాను.

స్టేషన్‌కి వెళ్ళలేదు. పెద్దాడి చేత కూడా చెప్పించాను, పగిలిన తొట్టి మీద జారి కత్తి మీద పడ్డానని. ఇన్‌స్పెక్టరు నా మొహం చూసి రాసుకున్నాడు. ఆయన భార్యకి కాన్పు చేయించింది నేనేనట. నాకు గుర్తులేదు. దీవి వాళ్ళు కూడా అదే చెప్పారట.

టూరు లాంచీ ఎక్కాను. నీ మైకు బాగానే మాట్లాడుతున్నాడు. నేనెవరో చెప్పలేదు. లైట్‌హౌస్ నిజంగానే బాగుంది.

వాళ్ళ కొలిమి దగ్గర ఇప్పుడు అతను ఎడమచేత్తో తిత్తి ఊదుతున్నాడు. కుడిచేతికి సంచీలాగా గుడ్డ కట్టారు. నన్ను చూసి గుర్తుపట్టాడు. లేవబోయాడు, కూర్చోమన్నాను. పని అది చేస్తోంది. సమ్మెట తనే ఎత్తుతోంది. భుజాలు మగాడివైపోయాయి.

టూరిస్టులు వరసలో ఉన్నారు, నేనూ వరసలోనే నిలబడ్డాను. నా వంతు వచ్చింది. "ఏం కావాలి?" అంది, తల ఎత్తకుండా. "కూరలు తరిగే కత్తి" అన్నాను. సమ్మెట ఆగింది. తలెత్తి చూసింది. "చెయ్యి చూపించండి" అంది. చూపించాను. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని పిడికి కొలత చూసింది. అలవాటైన చేతి కొలతే, చూడక్కర్లేదు, అయినా చూసింది. ఒక కత్తి ఏరింది. దాన్ని తీసుకుని పరదా వెనక్కి వెళ్ళింది.

పరదా వెనక ఏం జరుగుతోందో తెలియకుండా నిలబడటం కాన్పు గది బయట నిలబడటం లాంటిది. నేనెప్పుడూ లోపల ఉన్నదాన్ని. బయట నిలబడటం ఇదే మొదటిసారి.

వచ్చింది. కత్తి అప్పటికే కాగితంలో చుట్టి ఉంది. దాని చేతులు రెండూ చూశాను. పాత కోతలు ఉన్నాయి. కొత్తది లేదు. "తడి లేకుండా తుడిచి పెట్టుకో" అంది. అమ్మా అనలేదు. నేనూ పేరు పెట్టి పిలవలేదు. డబ్బు దాగలి మీద పెట్టాను, తీసుకుందో లేదో చూడలేదు. లాంచీ కూత వేసింది.

నువ్వు ఆ కత్తెర తుడిచేసి గుడ్డ కోసుకో. పెద్దాడికి పంట్లాం కావాలి, ఎడమ కాలు వదులుగా కుట్టు, వంగదు.

నిన్న ఉల్లిపాయలు తరుగుతుంటే నా బొటనవేలు తెగింది. కుట్లు అవసరం లేదు. గుడ్డ కట్టుకుని మిగతావి తరిగాను.

చెల్లి